నాదనుకున్న బండ

ఆ చెరువు పేరు చెప్పను. చెప్తే జనం వచ్చి పాడుచేస్తారని ఒకప్పుడు దాచుకునేదాన్ని. శంషాబాద్ దగ్గర ఆదివారం పూట కాసేపు ఊపిరి పీల్చుకునే చోటేదైనా ఉందా అని ఆఫీసులో ఎవరైనా అడిగితే, తెలియదని మొహం మీదే అబద్ధమాడేదాన్ని. ఇప్పుడూ చెప్పను గాని, కారణం వేరు. ఆ చోటు గురించి ఇంకొకరికి చెప్పే హక్కు నాకు లేదని తెలిసొచ్చింది. అక్కడికి వెళ్ళడం మానేసి ఏడాది కావస్తోంది.

నేను పుట్టింది సముద్రం పక్కన. చీరాల దగ్గర మా ఊళ్ళో గాలి అటునుంచి వీస్తే అలల చప్పుడు వంటింట్లోకి వినిపించేది. సాయంత్రం నాన్నగారు స్కూలు నుంచి రాగానే నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఒడ్డుకు తీసుకెళ్ళేవారు. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. చీకటి పడేదాకా కూర్చుని, ఇసుక దులుపుకుని వచ్చేసేవాళ్ళం. అలా పెరిగినదాన్ని పెళ్ళి చేసి హైదరాబాదు పంపించారు. బ్యాంకు ఉద్యోగం కూడా ఇక్కడే వచ్చింది. ఈ పాతికేళ్ళలో నేను విన్న నీళ్ళ చప్పుడల్లా అపార్టుమెంటు సంపులోకి ట్యాంకరు ఖాళీ అయ్యే చప్పుడే.

సాతంరాయిలో ఫ్లాటు కొనుక్కున్నాం. కింద బెంగళూరు హైవే లారీలు, పైన విమానాలు. ఫోన్లో మాట్లాడుతూ విమానం వచ్చినప్పుడల్లా నోరు మూసుకుని, అది దాటిపోయాక ఆపిన మాట దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టడం మా వైపు అందరికీ అలవాటే. వారమంతా కౌంటరు అవతలి మనుషుల మీద కేకలేయకుండా నన్ను నేను పట్టుకుని ఉండాలి. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ ఒక్క విషయంలో మా పుట్టింటివాళ్ళకూ అత్తింటివాళ్ళకూ ఎన్నడూ భేదాభిప్రాయం రాలేదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు నాన్నగారు పోయారు. నేను వెళ్ళలేకపోయాను. అప్పుడు నాకూ జ్వరం, గదిలో వేసి తలుపు మూశారు. అన్నీ తమ్ముడే చేశాడు. పిండం కాకి ముట్టిందని వాడు ఫోన్ చేసి చెబితే గాని నేను గుక్కెడు నీళ్ళు తాగలేదు. ఆ తర్వాత నాకో పిచ్చి పట్టుకుంది. ఆదివారం తెల్లారేసరికి ఎక్కడైనా నీళ్ళ పక్కన కూర్చోవాలి. మా ఆయన ఆదివారం పదింటి దాకా నిద్ర లేవరు. కారు తాళాలు తీసుకుని నేనొక్కదాన్నే బయల్దేరేదాన్ని.

అందరూ చెప్పిన చోట్లన్నీ చూశాను. షాద్‌నగర్ దారిలో ఏదో తోట అన్నారు. లోపలికెళితే సిమెంటు జింకలు, పాటల హోరు, పూలకుండీకి ఆనుకుని ఫొటో తీయించుకునే పెళ్ళి జంటలు. బాలాపూర్ వైపు గుట్ట అన్నారు. సగం గుట్టను అప్పటికే పగలగొట్టి తీసుకుపోయారు. ఔటర్ రింగు రోడ్డు పక్కన విమానాలు దిగడం చూసే చోటు అన్నారు. అక్కడ మొక్కజొన్న కంకుల పొగ, కారు డిక్కీలు తెరిచి పెట్టుకుని కూర్చున్న కుటుంబాలు. వాళ్ళకు సరదాగానే ఉంది. నాకే కూర్చోబుద్ధి కాలేదు. ఎక్కడికెళ్ళినా వంకలు పెట్టుకుని ఇంటికొచ్చే మనిషిని, ఎవర్ని అని ఏం లాభం.

చెరువు దొరికింది దారి తప్పడం వల్ల. రోడ్డు వేస్తున్నారని హైవే మీంచి లోపలికి మళ్ళించారు. రెండు మలుపులు తిరిగేసరికి ఎదురుగా మట్టికట్ట. దిగి ఎక్కాను. ఆషాఢమాసం గాలి. నీళ్ళు లేచి కట్ట రాళ్ళను కొడుతున్నాయి. ఆ చప్పుడు చెవిన పడగానే అక్కడే, ఎండలో, నిలబడిపోయి ఏడ్చాను. నిజానికి అందులో సముద్రం ఏమీ లేదు. ఉప్పు వాసన లేదు, అవతలి ఒడ్డు కనబడుతూనే ఉంటుంది, ఆ ఒడ్డు వెనక విమానాశ్రయం గోడ, గోడ వెనక దీపస్తంభాలు. కళ్ళు మూసుకుంటే సరిపోయేది.

కట్ట చివర, తుమ్మచెట్ల కింద, బల్లపరుపుగా ఒక బండ ఉంది. ముగ్గురు కూర్చోవచ్చు. వెనక సీతాఫలం పొదలు, ఆ వెనక పల్లం. అటువైపు నుంచే ఊళ్ళోవాళ్ళు వచ్చే దారి. నేను ఇటు కట్ట మీంచి నడిచి వెళ్ళేదాన్ని. ఏడింటికి చేరితే పది దాకా నీడ ఉండేది. నాలుగైదు ఆదివారాలు గడిచేసరికి అది నా బండ అయిపోయింది. ఎవరైనా దాని మీద కూర్చుని కనబడితే మా ఇంట్లో జొరబడ్డట్టు చూసేదాన్ని.

ఆ చోటుకున్న లోపం ఒక్కటే. శనివారం సాయంత్రం ఎవరెవరో వచ్చి తాగి, తిని, ఎక్కడివక్కడ వదిలేసి పోతారు. కాగితం పళ్ళాలు, నమిలి పారేసిన ఎముకలు, బీడీ ముక్కలు, అడుగున కాస్త మిగిలిన సీసాలు. దారి మొదట్లో ఒక బోర్డు ఉంది. ఎంగిలి పదార్థాలు పడేయకూడదనీ, పక్షులు చేరితే విమానాలకు ప్రమాదమనీ రాసి ఉంటుంది. ఎవరు చదువుతారు! నేను చదివాను. చదివి ఊరుకునే రకం కాదు నేను. మరుసటి వారం నల్ల సంచీ, చేతి తొడుగులు తెచ్చుకున్నాను. సీసాల్లో మిగిలింది నేల మీద ఒంపేసి, పళ్ళాలన్నీ మడిచి సంచీలో కుక్కి, కాకులు చేరితే రాళ్ళేసి తోలి, ఆ తర్వాతే బండ మీద కూర్చునేదాన్ని. అదొక పూజలా తయారైంది. చేసినంతసేపూ లోకాన్ని తిట్టుకునేదాన్ని, అయ్యాక నన్ను చూసి నేనే మురిసిపోయేదాన్ని.

బర్రెలు కాసుకునే ఆ పెద్దాయన నన్ను మొదటిసారి పలకరించింది నేను అలా వంగి ఏరుతున్నప్పుడే. డెబ్భై దాటి ఉంటాయి. పంచె పైకి కట్టి, తలకు తువ్వాలు, చేతిలో కర్ర, వెనక ఆరు బర్రెలు.

"ఏంది బిడ్డా, మున్సిపాలిటోళ్ళు పంపిన్రా?"

"కాదండీ. నేనే చేస్తున్నాను."

"జీతం లేకుంటనే?"

"లేకుండానే."

ఆయన కర్రతో నా చేతులు చూపించి, "మరి గా చేతులకు తొడుక్కున్నదేంది?" అన్నాడు. చెప్పాను. నవ్వాడు. ముందు పళ్ళు రెండే ఉన్నాయి, వాటి మధ్య వెడల్పాటి సందు. "బర్రె పేడ ఎత్తెతందుకు గూడ గివి పనికొస్తయా?" అని అడిగి, నా మొహం చూసి, "ఊకనే అన్న, కోపం తెచ్చుకోకు" అని బర్రెల్ని నీళ్ళలోకి దింపాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఉండేవాడు. నిజానికి ప్రతి రోజూ ఉండేవాడు, నేను చూసింది ఆదివారాలే. నా బండకు పది అడుగుల దూరంలో నేల మీద కూర్చునేవాడు. ఎప్పుడూ బండ మీద కూర్చోలేదు. నేను కూర్చోమని అనలేదు కూడా. ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్ళు మండుతుంది, నా మీదే.

నేను "పెద్దాయనా" అని పిలిచేదాన్ని. ఆయనకు నచ్చేది కాదు.

"పెద్దాయనేంది బిడ్డా! బాపు అను. మా పిల్లలంత గట్లనే పిలుస్తరు."

బాపు అంటే ఇక్కడ నాన్న. నాన్నగారు పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. నోరు రాలేదు. నవ్వి ఊరుకున్నాను. వారం విడిచి వారం ఆయన అడుగుతూనే ఉండేవాడు, నేను నవ్వి ఊరుకుంటూనే ఉండేదాన్ని.

గోడ అవతల ఆయనకు పొలం ఉండేదట. విమానాశ్రయంలో కలిసిపోయింది. దాని గురించి ఏడుస్తూ చెప్పలేదు. "గోడ అవుతల ఎర్ర దీపం ఉన్నది చూడు, గాడనే మా బాయి ఉండె. దానికి పది అడుగులకు మామిడి చెట్టు" అని కర్రతో చూపించేవాడు. బాయి అంటే బావి. విమానం ఒకటి మా తలల మీంచి దిగి గోడ వెనక్కి మాయమైనప్పుడల్లా, బీడీ తీసి, "అగో, మా జొన్నచేన్ల దిగింది" అనేవాడు. మొదట నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత ఆయన కంటే ముందు నేనే "మీ చేలో దిగింది" అనేదాన్ని. ఆయన తలూపేవాడు.

ఒకసారి అడిగాడు. "ఒక్కదానివే ఒస్తవు. ఇంట్ల ఏమన్న పరేషానా?"

నీళ్ళ చప్పుడు కోసం వస్తానని చెప్పాను. "నీళ్ళకు చప్పుడేంది బిడ్డా, బర్రె దిగితే చప్పుడైతది" అన్నాడు. అప్పుడు నాన్నగారి సంగతి చెప్పాను. సైకిలు, ఇసుక, ఆఖరికి వెళ్ళలేకపోవడం, కాకి ముట్టిందని ఫోన్లో వినడం. ఎవరికీ అంత వివరంగా చెప్పలేదు, మా ఆయనకు కూడా. ఆయన అంతా విని, "పిట్ట ముట్టిందంటే ఇగ రంది లేదు. కడుపు నిండి పోయిండన్నట్టు" అన్నాడు. రంది అంటే దిగులు. ఆ రాత్రి చాలా నెలల తర్వాత నిద్ర పట్టింది.

మా ఇద్దరికీ ఎన్నడూ పొసగని విషయం కాకులు. తొమ్మిదింటికి ఆయన సద్ది విప్పేవాడు. స్టీలు గిన్నెలో అన్నం, పచ్చిపులుసు, ఒక్కోరోజు రొట్టె. మొదటి ముద్ద తను తినడు. పక్కన రాయి మీద పెడతాడు. అది పెట్టీ పెట్టకముందే తుమ్మచెట్టు మీంచి రెండు కాకులు దిగేవి. నేను అంతకు గంట ముందే రాళ్ళేసి తోలిన కాకులే అవి. నాకు ఒళ్ళు మండేది.

"పెద్దాయనా, బోర్డు మీద రాశారు. పక్షులు చేరకూడదు. విమానాలకు అడ్డం పడతాయి."

"గీ రెండు కాకులు ఏం అడ్డం పడతయి బిడ్డా? అవ్వి గూడ తినాలె గద."

నేను చెప్పడం, ఆయన నవ్వడం, నేను లేచి హుష్ హుష్ అని కాకుల్ని తోలడం. అవి చెట్టెక్కి నా వైపే చూస్తూ అరిచేవి. "నిన్ను తిడుతున్నయి" అనేవాడు ఆయన.

ఆ చివరి ఆదివారానికి ముందు వారం బ్యాంకులో నాకు ఘోరంగా గడిచింది. నా తప్పు కానిదానికి పైఆఫీసరు అందరి ముందూ మాటలన్నాడు. అక్కడ తిరిగి ఏమీ అనలేకపోయాను. ఆ మాటలన్నీ లోపల పెట్టుకుని చెరువుకు వెళ్ళాను. ఆయన సద్ది విప్పాడు, ముద్ద రాయి మీద పెట్టాడు, కాకులు దిగాయి. నేను అరిచాను. మామూలుగా కాదు.

"ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు? చదువుకోకపోతే పోయారు, చెప్తే కూడా అర్థం కాదా?"

మాట బయటికి వచ్చాక ఇక వెనక్కి తీసుకునేది ఏముంది. ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉంటే బాగుండేది. రాయి మీది ముద్ద తీసి గిన్నెలో వేసి, మూత పెట్టి, తువ్వాలలో కట్టేసుకున్నాడు.

"సరే తియ్యి బిడ్డా, ఇగ ఎయ్య."

తినలేదు. బర్రెల్ని లేపుకుని వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళేలోపు రెండు విమానాలు దిగాయి. చేలో దిగిందని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.

క్షమించమని అడగడం మా వంశంలో లేదు. మేం వండిపెడతాం. ఆ వారమంతా లోపల నలిగి, శనివారం సున్నుండలు చుట్టాను. మినప్పిండి మెత్తగా విసిరించి, నెయ్యి కాస్త ఎక్కువే పోశాను, ఆ రెండు పళ్ళకూ ఇబ్బంది లేకుండా. చిన్న డబ్బాలో పెట్టుకుని ఆదివారం ఏడున్నరకు కట్టెక్కాను. ఎలా ఇవ్వాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. "ఇంద, ఎక్కువైపోయాయి, తినండి" అంటే చాలు, ఆయనే అర్థం చేసుకుంటాడు.

బర్రెలు లేవు. ఆయనా లేడు. నా బండ మీద మాత్రం ఎవరో వదిలేసి పోయిన పళ్ళెం.

కాగితం పళ్ళెం. దాని నిండా అన్నం, మాంసం కూర, ఉడికించిన గుడ్డు, రెండు గారెలు. పక్కన బీడీ కట్ట, అగ్గిపెట్టె, ప్లాస్టిక్ గ్లాసులో మందు, సగం మిగిలిన సీసా. ముట్టుకోనైనా లేదు, అంత తిండి! కింద కూడా కాదు, సరిగ్గా నా బండ మీద! పైన కొమ్మ మీంచి ఒక కాకి అప్పుడే బండ అంచుకు దిగింది. మెడ సాచింది. నేను రాయి విసిరాను. లేచిపోయింది.

నా చేతులకు వేగం ఎక్కువ. సంచీ విప్పాను. గ్లాసులోది నేల మీద ఒంపాను, సీసాలోది కూడా. పళ్ళెం రెండుగా మడిచి సంచీలో వేశాను. బీడీ కట్ట అందుకుంటుండగా పొదల వెనక నుంచి కేక వినిపించింది.

"అయ్యో, అయ్యో! ఏం చేస్తున్నవక్కా! గది మా బాపుకు పెట్టింది!"

పల్లంలోంచి ఒకామె చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. వెనక ఆమె భర్త. ఆ వెనక, నెమ్మదిగా, ఒక ముసలమ్మ. ముగ్గురూ వచ్చి బండ దగ్గర నిలబడి ఖాళీ బండనూ నా చేతిలో సంచీనీ చూస్తున్నారు.

"పిట్టకు పెట్టినం" అంది ఆమె. "గంట నుంచి ఎదురుచూస్తున్నం. ఇప్పుడే దిగింది."

చనిపోయినవాళ్ళకు మూడో రోజున వాళ్ళు ఇష్టంగా తినేవన్నీ వండి ఆరుబయట పెట్టి, పక్షి వచ్చి ముట్టేదాకా దూరంగా దాగి కూర్చుంటారు ఇక్కడ. ముడితేనే పోయినవారికి తృప్తి. ముడితేనే ఇంటివాళ్ళు తినాలి. నాకు తెలియనిది కాదు. కానీ మా ఇళ్ళలో పిండమంటే తెల్లటి అన్నం ముద్ద, నువ్వులు, దర్భ, పక్కన పంతులుగారు. బీడీ కట్ట ఉన్న పళ్ళెంలో చనిపోయిన మనిషి ఉంటాడని నాకు తట్టలేదు.

ఎవరు పోయారని నేను అడగలేదు. ఆమె ముందు పళ్ళ మధ్య అదే సందు చూసి, మాట తీరు విని, తెలిసిపోయింది. అయినా నా నోరు, "బర్రెలేవి?" అంది.

"ఇంటికాడ కట్టేసినం. బాపు శుక్రారం పోయిండు. రాత్రి మంచిగనే పండుకున్నడు, తెల్లారి లేవలే. దవాఖానకు తీస్కపోయెతందుకు గూడ లేకపాయె." కొంగుతో మొహం తుడుచుకుంది. "పొలముంటే పొలంల పెడుతుంటిమి. గది గోడ అవుతల పాయె. పిట్టలు పోతయి గని మేం పోలేం గద. గీడనే కూసుంటుండె రోజు, అందుకని గీడ పెట్టినం."

 నేల మీద కూలబడ్డాను, రోజూ ఆయన కూర్చునే చోటే. తెలియలేదమ్మా, తెలియలేదు అని ఒకటే మాట అంటున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంటున్నదల్లా చటుక్కున ఆగి నన్ను పరీక్షగా చూసింది.

"బ్యాంకు అక్కవా నువ్వు? ఐతారం ఐతారం ఒస్తవు, గదేనా?"

తలూపాను.

"కట్ట మీద నాకింకో బిడ్డున్నది, మస్తు కోపమున్నది, గని మంచిది, అంటుండె" అంది.

నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. కొట్టినా బాగుండేది. ఆమె పల్లంలోకి వెళ్ళి, తాము తినడానికి తెచ్చుకున్న గిన్నెల్లోంచి ఇంకో పళ్ళెం వడ్డించి తెచ్చింది. అన్నం, కూర, గారెలు. గుడ్డు ఒక్కటే తెచ్చారట, అది నా సంచీలో ఉంది. మందు నేలలో ఇంకిపోయింది. భర్త దుకాణానికి పోయొస్తానంటే, "ఇగ వద్దు, ఎండెక్కుతున్నది" అంది. బీడీ కట్ట నా చేతిలోనే ఉంది. పళ్ళెం పక్కన పెట్టాను.

పొదల వెనక నలుగురం కూర్చున్నాం. కాకులు రెండూ తుమ్మచెట్టు మీదే ఉన్నాయి. చూస్తున్నాయి, అరుస్తున్నాయి, దిగడం లేదు. అరగంట గడిచింది. గోడ అవతల పక్షుల్ని బెదరగొట్టడానికి టపాకాయలు పేల్చారు. కాకులు లేచి ఒక చుట్టు తిరిగి మళ్ళీ అదే కొమ్మ మీద వాలాయి. కూతురు లేచి పళ్ళెం దగ్గరికెళ్ళి చేతులు జోడించింది.

"బర్రెలను అమ్మం బాపూ, రంది పెట్టుకోకు. అమ్మను నా తానకే తీస్కపోత. వచ్చి తిను బాపూ."

అల్లుడు వెళ్ళి ఏదో మొక్కుకుని వచ్చాడు. కాకులు కదల్లేదు. ముసలమ్మ చెరువు వైపు చూస్తూ, ఎవరితోనూ కాకుండా అంది.

"ఆకలైతున్నదో ఏమో మనిషికి. పోయిన ఐతారం గూడ సద్ది పట్టుకపోయినట్టే తెచ్చిండు. ఏమాయె అంటే ఆకలి లేదన్నడు. ఎన్నడు గట్ల తేలే."

నాకు అక్కణ్ణుంచి లేచి పారిపోవాలనిపించింది. నోరు తెరిచి చెప్పేస్తే పోతుందనిపించింది. రెండూ చేయకుండా, కూతురు అనేదాకా అలాగే కూర్చున్నాను.

"నువ్వు గూడ పోయి పిలువక్కా. నీకోసం ఆగిండేమో."

బండ దగ్గరికి వెళ్ళాను. డబ్బా తెరిచి ఒక సున్నుండ పళ్ళెంలో పెట్టాను.  మనసులో అనుకుంటే సరిపోతుందని అనుకున్నాను గాని, పైకే వచ్చేసింది.

"తప్పయిపోయింది బాపూ. పోయిన ఆదివారం మిమ్మల్ని తిననివ్వంది నేనే. కాకులకు వేయొద్దని నోటికొచ్చినట్టు అరిచింది నేనే. తినండి బాపూ."

అంత కాలం రాని పిలుపు ఆ రోజు రెండుసార్లు వచ్చింది. వినే మనిషి లేడు. వెనక ముగ్గురూ విన్నారు. తిరిగి వచ్చి కూర్చుంటే ఎవరూ నా వైపు చూడలేదు. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాకులు దిగలేదు. ఇంకో పావుగంట. ఎండ పళ్ళెం మీదికి వచ్చింది. అల్లుడు నేల మీద పుల్లతో గీతలు గీస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"అక్కా, ఏమనుకోకు. జర నువ్వు దూరం పోతవా? కాకులు మనుషులను గుర్తుపడతయంటరు. నిన్ను చూసే దిగుతలేవనిపిస్తున్నది."

అతని గొంతులో కోపం ఏమీ లేదు. నిజం చెప్పాడంతే. ఎన్నో ఆదివారాలు నేను రాళ్ళేసి తోలిన కాకులవి. కూతురు "గట్లేం లేదక్కా" అనలేదు. నేను డబ్బా ఆమె చేతిలో పెట్టి, సంచీ తీసుకుని లేచాను. సంచీలో మొదటి పళ్ళెం ఉంది. అది ఎక్కడ పారేయాలో నాకు తెలియలేదు, మోసుకుంటూ కట్ట మీద నడిచాను. గాలి బాగా వీస్తోంది. నీళ్ళు రాళ్ళను కొడుతున్నాయి. ఏ చప్పుడు కోసం రెండేళ్ళు అక్కడికి వెళ్ళానో ఆ చప్పుడు ఆ రోజు వినలేకపోయాను. చెవులు మూసుకోవాలనిపించింది.

కట్ట ఇవతలి చివర, కారు దగ్గర, వెనక్కి తిరిగి చూశాను. బండ అరచేతి పాటి కనబడుతోంది. తుమ్మచెట్టు మీంచి ఒక నల్లటి చుక్క జారి బండ మీద వాలింది. వెంటనే రెండోది. పొదల వెనక నుంచి ముగ్గురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. "బాపూ" అన్న ఏడుపు నీళ్ళ మీంచి నా దాకా వచ్చింది. అదే సమయానికి తలమీదుగా ఒక విమానం దిగి గోడ వెనక, వాళ్ళ చేలోకి వెళ్ళిపోయింది.

కాకులు తింటున్నాయి. అంతవరకు కనబడింది. అన్నం తిన్నాయో, కూర తిన్నాయో, నేను పెట్టినదాన్ని కూడా ముట్టాయో లేదో, నేను నిలబడ్డ చోటు నుంచి కనబడలేదు.